తెల్ల గీత

నాకు కోపం ఎక్కువ. ఆ మాట ఎవరైనా నా మొహం మీదే అంటే ఇంకా ఎక్కువ. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, చేసిందంతా చేసి చివరికి కోపం మీదికి నెట్టేస్తానేమోనని మీరు అనుకోవచ్చు. నెట్టను. పానా పట్టుకున్నప్పుడు కోపంగా ఉన్నమాట నిజమే. వైట్నర్ పట్టుకున్నప్పుడు మాత్రం కోపం లేదు, చెయ్యి కూడా వణకలేదు. ఇక అబద్ధం చెప్పినప్పుడైతే నా గొంతు ఎంత మెత్తగా ఉందో నాకే ఆశ్చర్యం వేసింది.

లారీ మాది. మాది అంటే నాదీ, మా బావదీ. బావ అంటే మా అక్క మొగుడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక గోడౌనులో గుమాస్తాగా చేశాడు. రిటైరైన రోజు చేతికొచ్చిందంతా తెచ్చి మా అక్క ముందు పెడితే, అక్క దాన్ని నా ముందుకు జరిపింది. అప్పటికి నేను ఇరవై ఆరేళ్ళుగా పరాయి బండ్లు తోలుతున్నాను. అలా ఇద్దరికీ కలిపి ఒక కొత్త డీజిల్ లారీ వచ్చింది. నేను తోలతాను, బావ పక్కన కూర్చుని కాగితాలు చూసుకుంటాడు. లోడు చీటీలు, డెలివరీ రసీదులు, అన్నీ ఒక ఫైల్లో తారీఖుల వరసలో ఉంటాయి. జేబులో నీలం పెన్ను, ఎర్ర పెన్ను, వైట్నర్ పెన్ను. రోడ్డు మీద మేమిద్దరం మాట్లాడుకునేదానికంటే పోట్లాడుకునేదే ఎక్కువ. అది లేకపోతే ఇద్దరికీ పొద్దుపోదు.

బండి కొన్న రోజున వర్క్‌షాపు మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి వారంటీ గురించి ఒక గంట చెప్పాడు. బావ రాసుకున్నాడు. నేను కిటికీలోంచి నా బండినే చూస్తూ కూర్చున్నాను. నా చెవిన పడింది ఒక్కటే ముక్క. ఇంజను దగ్గర, డీజిల్ పైపుల దగ్గర ప్రతి నట్టు మీదా రంగుతో ఒక గీత ఉంటుంది, సగం నట్టు మీద, సగం దాని పక్కన ఇనుము మీద. నట్టు ఏ మాత్రం తిరిగినా గీత విరుగుతుంది. బయటివాళ్ళు పానా పెట్టారని దాంతో తెలిసిపోతుంది, అప్పుడిక వారంటీ లేదు. అంతే విన్నాను. ఆ గీతల రంగుల గురించి కూడా ఆయన చెప్పాడట. బావ పుస్తకంలో ఉంది, తర్వాత చూశాను; రాసుకున్న ఆయనకీ అది గుర్తులేదు.

రెండో సర్వీసుకి బండిని తీసుకెళ్ళినప్పుడు ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. నీలం చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, జుట్టు టోపీలోకి దోపి ఉంది. డీజిల్ ఫిల్టరు మార్చేది తానేనంది. నేను మేనేజరు వైపు చూశాను. ఆయన నా చూపు కనిపెట్టి, పరీక్ష పాసైందనీ, చెయ్యి మంచిదనీ చెప్పాడు. ఎవరి పుట్టుపూర్వోత్తరాలైనా అయిదు నిమిషాల్లో లాగేసే మా బావ, నేను టీ తాగి వచ్చేలోపు మిగతాది లాగేశాడు. ఆమె అదే వర్క్‌షాపులో నాలుగేళ్ళు బండ్లు కడిగింది. కడుగుతూనే నేర్చుకుంది. డీజిల్ పని చేతికిచ్చి మూడు నెలలే అయింది. మొగుడు లేడు, ఒక కూతురు, బడికి పోతోంది.

నాకొక పాడు అలవాటుంది. నా బండి మీద ఎవరు చెయ్యి వేసినా పక్కనే నిలబడి తప్పులు వెతుకుతాను. ఆ రోజు కూడా ఆమె భుజం మీదుగా తొంగి చూస్తూ, అది అలా కాదు, ఇది ఇలా కాదు అని సణుగుతూనే ఉన్నాను. ఆమె తల తిప్పి, "బాబాయ్, మీరు వెలుగుకి అడ్డంగా ఉన్నారు. తిట్టడం ఆ పక్కనుంచి తిట్టండి, నాకు కనపడుతుంది," అంది. బావ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ క్షణం నుంచి ఆమెకు టీచరమ్మ అని పేరు పెట్టాడు.

ఆ పక్కనుంచి నేను అంతా చూశాను. ఇది మీరు గుర్తుంచుకోవాలి. కింద ఫిల్టరు గిన్నె విప్పింది, కొత్తది పెట్టింది, బిగించింది, దాని మీద తెల్ల రంగుతో గీత గీసింది. దానికి పైన, పంపుకి పోయే పైపు నట్టు ఉంది. దాని మీద గుడ్డ పెట్టి మట్టి తుడిచింది. అంతే. పానా పెట్టలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక రోజు పొద్దున్నే కాగితం రీళ్ళ లోడుతో పోతుంటే క్యాబిన్లో డీజిల్ వాసన. బావ ముక్కు ఎగబీల్చి, నువ్వు స్నానం చేసి ఎన్నాళ్ళయిందిరా అన్నాడు. బండి పక్కకు ఆపి దిగి చూస్తే ఆ పైపు నట్టు దగ్గర బొట్టు బొట్టుగా కారుతోంది. కొత్త బండి! నా ఒళ్ళు మండిపోయింది. కంపెనీ హెల్ప్‌లైనుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, ఆ తర్వాత సంగీతం మొదలుపెట్టింది. పక్కనుంచి పెద్ద పెద్ద బండ్లు దుమ్ము కొట్టుకుంటూ పోతున్నాయి. కింద డీజిల్ మడుగు కడుతోంది. చెవిలో సంగీతం. సాయంత్రానికి లోడు దించకపోతే మళ్ళీ మమ్మల్ని పిలవరు.

ఇరవై ఆరేళ్ళలో ఇలాంటివి ఎన్ని చూసి ఉంటాను! ఒక పావు చుట్టు బిగిస్తే ఆగిపోతుంది. ఫోను బావ చేతికిచ్చి టూల్ బాక్సులోంచి పానా తీశాను. బావ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే, ముట్టుకోవద్దన్నారు కదరా అన్నాడు. నువ్వు కాగితాల సంగతి చూసుకో, ఇనుము సంగతి నాకొదిలెయ్ అన్నాను. పావు చుట్టు తిప్పాను. ఆగలేదు. కోపంతో ఇంకో పావు చుట్టు. లోపల ఎక్కడో చిన్నగా టిక్కుమంది. బొట్లు కాస్తా ధార అయ్యాయి.

టాంకు దగ్గర డీజిల్ కట్టేసి, గుడ్డతో తుడిచి చూస్తే అప్పుడు కనపడింది. గీత విరిగిపోయింది. నట్టు మీద ముక్క ఒక దిక్కు, ఇనుము మీద ముక్క ఒక దిక్కు.  అదే క్షణంలో హెల్ప్‌లైనులో సంగీతం ఆగి ఎవరో కుర్రగొంతు పలికింది. ఫోను నేనందుకున్నాను. ఏమీ ముట్టుకోలేదు కదా సార్ అని అడిగాడు. లేదన్నాను. అయితే ఆ నట్టు ఫొటో తీసి పంపమన్నాడు.

వారంటీ పోతే పైపు, ఫిల్టరు తల, ఇంకా ఏమేమి పోయాయో అవన్నీ మా నెత్తినే పడతాయి. అది కూడా కాదు అసలు భయం. డీజిల్ వైపు మొత్తానికి వారంటీ రద్దు చేస్తారు. రేపు పంపు పోతే బండి అమ్ముకోవడమే. బావ రిటైర్మెంటు డబ్బు, అక్క నమ్మకం, అన్నీ ఆ నట్టు మీదే ఉన్నట్టు అనిపించింది.

"బావా, ఆ వైట్నర్ ఇటివ్వు," అన్నాను.

బావ నా వైపు చూశాడు, నట్టు వైపు చూశాడు. జేబులోంచి తీసి ఇచ్చి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

విరిగిన పాత గీతని డీజిల్ గుడ్డతో రుద్ది రుద్ది తుడిచేశాను. అది ఏ రంగో చూడాలన్న ఆలోచన కూడా రాలేదు, అంత మట్టిపట్టి ఉంది. పక్కనే ఫిల్టరు గిన్నె మీద గీత తెల్లగా ఉంది కాబట్టి ఇదీ తెల్లదే అనుకున్నాను. తడి ఆరేదాకా ఊది, దాన్ని చూసి దీన్ని గీశాను. కొత్తగా మెరుస్తుంటే వేలితో కాస్త మట్టి అద్దాను. ఎంత బాగా కుదిరిందో! నిజం చెప్తున్నాను, ఆ నిమిషంలో నాకు గర్వంగా ఉంది. ఫొటో తీసి పంపాను.

లోడు వేరే లారీలోకి మార్చారు. మా బండిని తాడుకట్టి వర్క్‌షాపుకి లాక్కొచ్చారు. మర్నాడు పొద్దున కంపెనీ నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. సన్నగా, టార్చి లైటు, పిడి ఉన్న చిన్న అద్దం పట్టుకుని, పావుగంట బండి కిందే ఉన్నాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ ఆయన చెప్పినదాంట్లో మొదట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకున్నాను.

ఫాక్టరీలో బిగించిన నట్టు మీద గీత పసుపు రంగులో ఉంటుంది. వర్క్‌షాపులో ఎవరైనా విప్పి మళ్ళీ బిగిస్తే పసుపు తుడిచేసి తెల్లగీత గీస్తారు. ఈ నట్టు మీద ఉన్నది తెల్లగీత. అంటే దీన్ని వర్క్‌షాపులోనే విప్పారు, మోతాదు మించి బిగించారు, లోపల పైపు మూతి చిట్లింది. కంపెనీది బాధ్యత కాదు, వర్క్‌షాపుది. కస్టమరుకి మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు, మొత్తం ఉచితంగా చేసివ్వాలి.

మేనేజరు మొహం నల్లబడింది. నా దగ్గరికొచ్చి క్షమాపణ చెప్పాడు. నాకు! కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. తర్వాత టీచరమ్మని పిలిపించాడు.

ఆమె వచ్చి బండి కిందికి వంగి ఆ గీతను చూసింది. తనిఖీ ఆయన ముట్టుకోవద్దన్నాడు, ఆమె ముట్టుకోలేదు. చాలాసేపు అలాగే వంగి ఉండి, లేచి, తాను గిన్నె మాత్రమే విప్పానని చెప్పింది. మరి ఈ గీత ఎవరు గీశారని మేనేజరు అడిగాడు. తెలియదంది. ఆ వర్క్‌షాపులో మా బండి డీజిల్ వైపు చెయ్యి పెట్టింది ఆమె ఒక్కతే. మేనేజరు గొంతు పెంచాడు. ఆమె గొంతు పెంచలేదు. చుట్టూ చూసి, కుర్చీలో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న నన్ను చూసింది. చూసి, ఆమె మొహం తేటపడింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. నన్ను చూసి ఆమెకి ధైర్యం వచ్చింది.

"బాబాయ్, ఆ రోజు మీరు నా పక్కనే ఉన్నారు కదా. మీ కళ్ళు దాటి ఏదీ పోదు. పై నట్టు మీద నేను పానా పెట్టానా?"

లేదు అంటే చాలు. రెండక్షరాలు. కానీ లేదు అంటే, మరి ఆ గీత ఎవరిది అన్న ప్రశ్న తిన్నగా వచ్చి నా ఒళ్ళో పడుతుంది. బావ నా వెనకే నిలబడి ఉన్నాడు.  పోనీ, గమనించలేదు తల్లీ అన్నా సరిపోయేది. అదీ అనలేదు. భయం మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి.

"పైన కూడా ఏదో బిగించినట్టే గుర్తమ్మా. చూశాను," అన్నాను.

 ఆమె నా వైపు కాసేపు చూసి, తర్వాత తన చేతుల వైపు చూసుకుంది. లోపలికి తీసుకెళ్ళి మేనేజరు ఒక కాగితం మీద సంతకం పెట్టించాడు. పై నట్టు నేనే విప్పాను, ఎక్కువ బిగించాను, పొరపాటు నాదే అని.

తనిఖీ ఆయన వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, ఊరికే మాటవరసకి అన్నట్టు ఇంకో సంగతి చెప్పాడు. ఇదే విడతలో తయారైన పైపులు రెండు మూడు చోట్ల మూతి దగ్గర కారాయట. పసుపు గీత చెక్కుచెదరకుండా ఉంటే కంపెనీ మారుమాట్లాడకుండా కొత్తది ఇస్తోందట. అంటే ఆ రోజు నేను చేతులు కట్టుకుని సంగీతం వింటూ నిలబడి ఉంటే అయిపోయేది. నా టీ చల్లారిపోయింది. అయినా తాగాను, ఏం చెయ్యాలో తెలియక.

మూడు రోజుల్లో బండి చేతికొచ్చింది. ఒక్క బొట్టు కారడం లేదు. మేము మళ్ళీ రోడ్డెక్కాం.

మొదటి వారం నేను ఎవరినీ తిట్టలేదు. అడ్డం వచ్చిన వాణ్ణీ, హారన్ కొట్టినవాణ్ణీ, ఎవరినీ. బావ నా నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు, జ్వరమేమోనని. రెండో వారం అందరినీ తిట్టాను. పెట్రోలు బంకులో ఒక ముసలాయన చిల్లర లెక్కపెట్టడం ఆలస్యం చేశాడని నేనన్న మాటలకు నాకే సిగ్గేసింది. నీ మీద నీకు కోపంరా, తిట్లు మాకు పడుతున్నాయి అన్నాడు బావ. వైట్నర్ ఇచ్చింది నువ్వే కదా అన్నాను. అది అనకూడని మాట. ఆ తర్వాత రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. ఫైలు మీద తలపెట్టుకుని కూర్చునేవాడు, రాసేవాడు కాదు. ఆయనకీ నిద్ర పట్టడం లేదని నాకు తెలుసు. రిటైరైన మనిషికి నేను ఇచ్చింది ఇదన్నమాట అనుకునేవాణ్ణి.

మా అక్క దగ్గర బావ ఏదీ దాచలేడు. పెళ్ళయిన నాటి నుంచీ ప్రయత్నిస్తూనే ఉన్నాడు, చేతకాలేదు. ఇంటికెళ్ళిన రోజు మొత్తం కక్కేశాడు. నేను అక్క చేత తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాను. తిడితే బాగుండేది, నేనూ రెండు మాటలని బరువు దించుకునేవాణ్ణి. అక్క తిట్టలేదు. కంచం ముందు పెట్టి, నేను సగం తిన్నాక అడిగింది.

"ఆ పిల్ల ఇప్పుడేం చేస్తోందిరా?"

నాకు తెలియదు. నెల రోజులుగా ఆమె గురించే ఆలోచిస్తున్నాను, కానీ ఆమె ఏం చేస్తోందో కనుక్కోలేదు. కనుక్కుంటే తెలుస్తుంది కాబట్టి కనుక్కోలేదు. చెయ్యి కడుక్కుని లేచాను.

మర్నాడు పొద్దున్నే వర్క్‌షాపుకి వెళ్ళాను. బావ కూడా వస్తానన్నాడు. వద్దన్నాను. వచ్చాడు. గేటు దగ్గర బండి ఆపి దిగితే, మెకానిక్కుల వైపు ఆమె లేదు. వెనక బండ్లు కడిగే చోట ఉంది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో నీళ్ళ పైపు. ఒక బస్సు చక్రాల లోపల గట్టిపడిన బురదను గీకుతోంది. నాలుగేళ్ళు చేసి బయటపడిన పని. నన్ను చూసి, బాగున్నారా బాబాయ్, బండి ఎలా ఉంది, ఇంకా కారుతోందా అని అడిగింది. నిజంగా అడిగింది, ఎత్తిపొడుపు కాదు.

ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాను. అదంతా పోయింది. నీళ్ళు పారుతున్న చోట నిలబడి, గీత గీసింది నేనేనమ్మా అన్నాను. రోడ్డు మీద పానా పెట్టింది నేను, పైపు చితకగొట్టింది నేను, పాత గీత తుడిచింది నేను, నువ్వు ఆ నట్టు మీద పానా పెట్టడం నేను చూడలేదు, పెట్టలేదని నాకు తెలుసు అన్నాను. ఆమె పంపు కట్టేసింది.

"దేంతో గీశారు?"

"వైట్నర్‌తో."

ఆమె తల ఊపింది. తిట్టలేదు, ఏడవలేదు. చేతులు చొక్కాకి తుడుచుకుని, "పదండి," అని తడి బూట్లతోనే మేనేజరు గది వైపు నడిచింది. నేను వెనకాల నడిచాను. అప్పటి నుంచి ఆమె నన్ను బాబాయ్ అనలేదు.

మేనేజరు విన్నాడు. విని తలుపు వేశాడు. అయిపోయిన ఫైలు సార్, ఇప్పుడెందుకు తవ్వడం అన్నాడు. మీకు నష్టం, మాకు తలనొప్పి, కంపెనీకి మళ్ళీ ఉత్తరాలు. కావాలంటే ఆ అమ్మాయిని నాలుగైదు నెలలు చూసి నెమ్మదిగా వెనక్కి తెస్తానన్నాడు. చెప్పడం చాలా మర్యాదగా చెప్పాడు. నెల రోజులుగా ఎవరి మీద చూపించాలో తెలియని కోపం ఆ మర్యాద మీద పడింది. మీరు రాసుకోకపోతే కంపెనీకి నేనే రాస్తాను, మా బావ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది అన్నాను. బావ అప్పటికే పెన్ను తీశాడు.

మొత్తం రాశాం. ఇద్దరం సంతకాలు పెట్టాం. వైట్నర్ ఇచ్చినవాడిగా తన పేరు కూడా ఉండాలని బావ పట్టుబట్టాడు. రిపేరుకైన ఖర్చంతా మా మీదికి వచ్చింది. డీజిల్ వైపు వారంటీ రద్దయింది. మేనేజరు ఆమె సంతకం పెట్టిన పాత కాగితం బయటికి తీసి అడ్డంగా కొట్టేశాడు. అంతటితో సరిపోదని నాకే అనిపించి, పని మొదలయ్యే ముందు అందరూ వరసగా నిలబడే చోటికి వెళ్ళి, పదకొండు మంది మెకానిక్కుల ముందు మళ్ళీ అదంతా చెప్పాను.  ఒకడు నేల మీద ఉమ్మేశాడు. అది నాకు తగినదే.

రేపటి నుంచి నీ పని నీదేనమ్మా అన్నాడు మేనేజరు ఆమెతో. సరేనంది. నేను దండం పెట్టి వెళ్ళబోతుంటే గేటు దాకా వచ్చి ఆపింది.

"ఇంకో చోట కూడా చెప్పాలి మీరు. సాయంత్రం మా ఇంటికి రండి."

ఒక చెప్పుల కొట్టు పైన వాళ్ళవి రెండు గదులు. ఇరుకు మెట్లు, మెట్ల మీద ఆరేసిన నీలం చొక్కాలు. బావ కిందే ఉండిపోయాడు, మోకాళ్ళ నొప్పి అని. నొప్పి నిజమే, కానీ అందుకు కాదు. కూతురికి తొమ్మిదేళ్ళుంటాయి. చాప మీద పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆమె నాకు స్టూలు వేసి, కూతురి పక్కన చాప మీద కూర్చుంది.

రబ్బరు బూట్లతో ఇంటికొచ్చిన రోజున ఈ పిల్ల ఎందుకమ్మా అని అడిగిందట. పనిలో తప్పు చేశాను, చేశానని ఒప్పుకున్నాను, తప్పు చేస్తే ఒప్పుకోవాలి అని ఆమె చెప్పిందట. ఇప్పుడు నేను చెప్పాల్సింది ఏమిటో అర్థమైంది. పదకొండు మంది ముందు తడబడని నోరు ఆ పిల్ల ముందు తడబడింది. చిన్నపిల్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఎక్కడా తప్పించుకోవడానికి చోటుండదు. నట్టు నేను పాడుచేశాను, మీ అమ్మ పాడుచేసినట్టు గీత గీశాను, అందరూ అడిగితే మీ అమ్మే చేసిందని చెప్పాను. అంతకంటే ఏముంది?

పిల్ల నా వైపు చూడలేదు. తల్లి వైపు తిరిగింది.

"అయితే నువ్వు ఆ నట్టు విప్పలేదా అమ్మా?"

"లేదు."

"మరి విప్పానని సంతకం ఎందుకు పెట్టావు? పెట్టకపోతే పని తీసేస్తారనా?"

నేనూ ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను. మేనేజరు బెదిరించి పెట్టించి ఉంటాడని. అందులో కొంత తప్పు మేనేజరుకి పంచిపెట్టుకుని కాస్త ఊపిరి పీల్చుకున్నాను కూడా.

ఆమె కూతురి పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"అందుక్కాదే. విప్పలేదనే నాకు గుర్తు. కానీ ఆయన పక్కనే నిలబడి చూశానన్నారు. అంత పెద్దాయన అబద్ధం చెప్తారా, నా గుర్తే తప్పయి ఉంటుంది అనుకున్నాను."